రిపోర్టులో ‘పాజిటివ్’ అని ఉంటే క్యాన్సరేనా?

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్లు. కుడి తొడలో గడ్డ ఉంటే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. మొదట ‘స్పిండిల్ సెల్ ట్యూమర్, ఐహెచ్‌సీ చేయించాలి’ అని రాసి మళ్లీ డబ్బు కట్టించుకున్నారు. ఇప్పుడు ఎస్-100 పాజిటివ్. డెస్మిన్, ఎస్ఎంఏ, సీడీ34 నెగెటివ్. కెఐ-67 2 శాతం అని వచ్చింది. పాజిటివ్ అంటే క్యాన్సరేనా? ఒక్క ముక్కకు ఇన్ని పరీక్షలా? నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. కోవిడ్ వచ్చిన దగ్గర్నుంచి ‘పాజిటివ్’ అంటేనే అందరికీ టెన్షన్. ఈ రిపోర్టులో దానర్థం ముక్కకు వేసిన రంగు పట్టిందని, అంతవరకే.

మాది పెడన. కలంకారీ బట్టను రంగునీళ్లలో ఉడికిస్తే, పటిక అద్దిన చోటే ఎరుపు ఎక్కడం చిన్నప్పుడు వింతగా చూసేదాన్ని. పాథాలజీలో చేరాక చూస్తే అక్కడా పటికే! మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు మానులోంచి తీసే హెమటాక్సిలిన్‌కు పటిక తోడైతేనే కణాల కేంద్రకాలకు నీలం పడుతుంది. దాని మీద ఇయోసిన్ అనే గులాబీ రంగు. ఏ ముక్కకైనా ముందు వేసేవి ఈ రెండే. చాలా గడ్డల సంగతి అక్కడే తేలిపోతుంది.

మీ ఆయనకు వచ్చినలాంటి గడ్డలే మమ్మల్ని సతాయిస్తాయి. కండరంలో పుట్టినా, నరం పొరలో పుట్టినా, పీచులో పుట్టినా కణాలు రెండు కొసలూ సన్నగా, నూలు వడికే కదురులా ఉంటాయి. స్పిండిల్ అంటే కదురే. అందుకని ఒక్కో ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీలు వేస్తాం. ఐహెచ్‌సీ అంటే ఇదే. ఆ ప్రొటీన్ ఉన్న చోట గోధుమ రంగు వస్తుంది. డెస్మిన్, ఎస్ఎంఏ కండరానికి పడతాయి. సీడీ34 రక్తనాళాలకూ, కొన్ని పీచు గడ్డలకూ. ఎస్-100 నరం పొరకూ, కొవ్వుకూ, చర్మానికి నలుపునిచ్చే కణాలకూ. ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మలేం కాబట్టే నాలుగైదు వేస్తాం. డబ్బు దండగని అనుకోకండి, ఆ నెగెటివ్‌లే ‘ఇది కండరానిది కాకపోవచ్చు’ అని చెప్పాయి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది నరం పొర గడ్డ వైపు మొగ్గుతోంది. వాటిలో ష్వానోమా అనే రకం క్యాన్సర్ కాదు. దానికి ఎస్-100 గడ్డంతా చిక్కగా పడుతుంది. నరం పొర క్యాన్సరైతే తరచు అక్కడక్కడా పడుతుంది, లేదా అసలు పట్టదు. అలాగని చిక్కగా పడితే భయం లేదనీ చెప్పలేను, నలుపునిచ్చే ఆ కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమాకూ అలాగే పడుతుంది. అందుకే కణాల తీరు, స్కాన్ కలిపి చూడాలి. కెఐ-67 అంటే విభజనకు దిగిన కణాల వంతు. 2 శాతం తక్కువే గానీ, సూదికి వచ్చింది గడ్డలో ఒక మూల మాత్రమే.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, కండరం లోతున ఉన్నా ఆపరేషన్‌కు ముందు సార్కోమాలు, అంటే కండరం, కొవ్వు, నరం పొర లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు చూసే డాక్టర్ల దగ్గరకు వెళ్లండి. ల్యాబ్‌లో స్లైడ్లతో పాటు మైనపు బ్లాకును కూడా అడిగి తీసుకోండి. అందులో ముక్క మిగిలి ఉంటే ఇంకో రంగు వేయాల్సి వచ్చినా మళ్లీ సూది గుచ్చక్కర్లేదు.

అన్నట్టు, అంకెలన్నీ రాశారు గానీ అడుగున ‘ఇంప్రెషన్’ అన్నచోట ఏముందో రాయలేదు. మేం చెప్పే అసలు మాట అక్కడే ఉంటుంది. అది రాసి పంపండి.