బుడమేరు నిధుల కోసం వెలగపూడి సచివాలయానికి వెళ్లే ముందు

అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. విజయవాడ కార్పొరేషన్ కౌన్సిల్లో నువ్వు పెట్టిన తీర్మానం పేపర్లో చూశాను. బుడమేరు వాగు ముంపుకి శాశ్వత పరిష్కారం కోసం రాష్ట్ర ప్రభుత్వం తగినన్ని నిధులు ఇవ్వాలని ఏకగ్రీవంగా ఆమోదించారట. సంతోషం. కానీ మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి చెబుతున్నా, ఆ కాగితం మీద ఎవరూ డబ్బు ఇవ్వలేరు. ఇవ్వాలని మనసున్నా ఇవ్వలేరు. ఏ పని, ఎంత ఖర్చు, ఏ శాఖ, ఏ పద్దు? ఇందులో ఒక్కటీ అందులో లేదు.

ముందు ఏది ఎవరిదో విడదియ్యి. 2024 సెప్టెంబరు 1న మునిగింది సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట. గండ్లు పడింది మాత్రం ఊరి బయట, బుడమేరు వరదని కృష్ణకి మళ్లించే డైవర్షన్ ఛానల్ కట్టకి. వెలగలేరు రెగ్యులేటర్, ఆ ఛానల్, దాని కట్టలు జలవనరుల శాఖవి. పట్టాల కింద కల్వర్టులు రైల్వే వాళ్లవి. మన కార్పొరేషన్ చేతిలో ఉన్నవి డ్రెయిన్లు, పంపులు. అన్నీ కలిపి ఒకే అర్జీ ఇస్తే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. ప్రతి సెక్షన్ లోనూ 'ఇది మా పరిధి కాదు' అని రాయడానికి ఓ మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. జలవనరులకి ఒక ఫైలు, పురపాలక శాఖకి ఇంకొకటి పెట్టించు. రైల్వే సంగతి ఎంపీ గారికి అప్పజెప్పు.

ఛానల్ వెడల్పు చేయమని అందరూ అడుగుతారు. 15 వేల క్యూసెక్కులు పట్టే కాలవకి ఆ రోజు రెట్టింపుకు మించి నీరు వచ్చింది, నిజమే. కానీ ఆ ఛానల్ కలిసేది ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో, అంటే ప్రకాశం బ్యారేజీకి ఎగువన. ఆ మర్నాడు బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు. నది అలా నిండి ఉంటే ఛానల్ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆర్థిక శాఖలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. జవాబు నీ దగ్గర ఉండాలి. పాత బుడమేరు దారిని, ఎనికేపాడులో ఏలూరు కాలవ కిందుగా వాగు దాటే అండర్ టన్నెల్ నుంచి కొల్లేరు దాకా, బాగుచేయకుండా ఎగువన ఛానల్ పని ఒక్కటీ చాలదని చెప్పాలి.

ఆ మాట అన్నావంటే కింది ఊళ్ల వాళ్లు ఉలిక్కిపడతారు, మా పొలాల మీదికి తోలుతారా అని. అందుకే నగరం ఎమ్మెల్యేలు ముగ్గురితోనే వెళ్లకు. రెగ్యులేటర్ ఉన్నది మైలవరం నియోజకవర్గంలో. దిగువన గన్నవరం, ఆ తర్వాత కొల్లేరు ఊళ్లు. వాళ్లనీ కూర్చోబెట్టి, వాళ్ల కట్టల బలోపేతం కూడా అంచనాలో కలిపించు. విజయవాడ వాళ్లు ఒక్కళ్లే వస్తే అది ఒక ఊరి కోరిక. ఎగువ దిగువల వాళ్లు కలిసి వస్తే మంత్రి కుర్చీ వేయించి వింటాడు. పార్టీలు వేరైనా పర్వాలేదు, ఇంకా మంచిది. శాలువాలు, బొకేలు, ఫోటోలు తగ్గించండి. మంత్రి ఇచ్చే పది నిమిషాలూ వాటికే పోతాయి.

ఇంకో ప్రశ్న తప్పదు. వర్షపు నీటి డ్రెయిన్లకి కేంద్రం ఇచ్చిన 461 కోట్లు ఏమయ్యాయి? ఆ పని పూర్తి కాలేదని వాళ్లకీ తెలుసు. ఎక్కడెక్కడ అయింది, ఎక్కడ ఆగింది, ఆగిన ముక్కలు కలిపితే ఏ వీధులకి నీళ్లు దిగుతాయి, ఒక మ్యాపు మీద గీయించి నువ్వే ముందు బయటపెట్టు. అడిగాక తడుముకుంటే కొత్త డబ్బు రాదు.

బుడమేరులో కట్టుకున్న ఇళ్ల సంగతి నీకు చేదుగా ఉంటుంది, ఓట్లు అక్కడే ఉన్నాయి. అయినా దాచకు. తీయాల్సిన ఇళ్లకి పునరావాసం ఖర్చు మొదటి అంచనాలోనే పెట్టించు. తర్వాత కలుపుదామంటే కోర్టులో ఆగుతుంది.

డబ్బు ఎక్కడుందంటే, 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 20 శాతం ముందు జాగ్రత్త పనులకే విడిగా పెట్టింది. కలెక్టర్ ద్వారా ఆ దారిలో చిన్న పనులు పంపవచ్చు. 2025లో కేంద్రం 11 నగరాల వరద నివారణకి 2,444 కోట్లు ఆమోదించింది. అందులో విశాఖ ఉంది, మనం లేం. ఆ జాబితా చేత్తో పట్టుకుని వెళ్లు. బెజవాడ పేరు తర్వాతి విడతకి రాష్ట్రం సిఫారసు చేయాలని అడుగు. అది పైసా ఖర్చులేని కోరిక, కాబట్టి ఒప్పుకోవడం తేలిక.

సమయం ముఖ్యం. బడ్జెట్ అసెంబ్లీకి వచ్చేది ఫిబ్రవరి, మార్చిల్లో అయినా, శాఖలు అంచనాలు అంతకు నెలల ముందే కట్టేస్తాయి. వానాకాలం జ్ఞాపకం ఆరకముందే నీ కాగితం అక్కడ ఉండాలి. ఇక జీవో వచ్చిందని స్వీట్లు పంచకండి. పరిపాలనా అనుమతి వేరు, నిధుల విడుదల వేరు. బిల్లులు రాక కాంట్రాక్టర్లు సగంలో వదిలేసిన పనులు నీ డివిజన్లోనే చూపిస్తాను. విడుదల ఉత్తర్వు కోసం ప్రతి మూడు నెలలకీ సచివాలయానికి వెళ్లే మనిషిని ఇప్పుడే ఎంచుకో. ఓపిక ఉన్నవాణ్ని చూడు, మాటకారి అక్కర్లేదు.

తీర్మానం మళ్లీ రాయించి నాకు వాట్సాప్ చెయ్యి, రెండు పేజీలు మించకుండా. అంచనాల కాపీ కూడా పంపు, రేట్లు పాత ఎస్ఎస్ఆర్‌వో (ప్రభుత్వ పనుల రేట్ల పట్టిక) కొత్తవో చూసి చెబుతాను.

మీ బాబాయి