పక్క మీద వేస్తే చాలు, పాప గుక్కపట్టి ఏడుస్తోంది

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. తొలి కాన్పు. పాపకు తొమ్మిది వారాలు. మూడో నెల రాగానే పుట్టింటి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చారు. భుజాన వేసుకుంటే హాయిగా పడుకుంటుంది. పక్క మీద వేసిన మరుక్షణం గుక్కపట్టి ఏడుస్తుంది. అన్నం కూడా పాపను ఒళ్ళో పెట్టుకునే తింటున్నాను. 'మీవాళ్ళు ఎప్పుడూ ఎత్తుకునే ఉన్నారు, చేతులు మరిగింది. నాలుగు రోజులు ఏడవనిస్తే అదే మానుకుంటుంది' అంటారు అత్తయ్య. మావారివి నైట్ షిఫ్టులు. మొన్న రాత్రి మూడింటికి విసుగొచ్చి పాపను పక్క మీద విసురుగా పెట్టేశాను. పాపకేం కాలేదు. కానీ అప్పటి నుంచి నా చేతులంటే నాకే భయంగా ఉంది. నేను మంచి తల్లిని కానా?

జవాబు: అమ్మా, ముందు ఆ రాత్రి మూడింటి సంగతి మాట్లాడుకుందాం. నిద్ర లేక, నడుము పడిపోయి, సాయానికి ఇంకో చెయ్యి లేనప్పుడు ఎంత ఓర్పున్న తల్లికైనా సహనం తెగిపోతుంది. మీరు దాచుకోకుండా రాశారు, భయపడ్డారు. పాప మీద ప్రేమ లేని తల్లికి ఆ భయం రాదు.

అలాగని తేలిగ్గా వదిలేసే విషయమూ కాదు. మళ్ళీ అంత విసుగు ముంచుకొస్తే పాపను చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి. ముఖం కడుక్కోండి, మంచినీళ్ళు తాగండి. ఐదు పది నిమిషాలాగి మళ్ళీ వెళ్ళండి. ఆ కాసేపు ఏడ్చినందుకు పాపకు ఏ హానీ జరగదు. కోపంలో పట్టుకుని కుదిపితే మాత్రం పసి మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. అందుకే పక్కన పెట్టి వచ్చేయడం తప్పు కాదు, ఆ క్షణంలో పాప కోసం మీరు చేయగలిగిన మంచి పని అదే. ఆ రాత్రి జరిగింది పిల్లల డాక్టరుకు కూడా ఫోన్ చేసి చెప్పండి. పాలు తాగకపోయినా, వాంతులైనా, ఎప్పుడూ లేనంత మగతగా ఉన్నా వెంటనే తీసుకెళ్ళండి.

ఇక ఏడుపు సంగతి. తొమ్మిది వారాల పసికందుకు మొండితనం తెలియదు. 'ఏడిస్తే అమ్మ ఎత్తుకుంటుంది' అని లెక్క వేసుకునే వయసు కాదది. కడుపులో ఉన్నన్నాళ్ళూ మీరు నడిస్తే ఊగింది, మీ గుండె చప్పుడు వింటూ పడుకుంది. ఇప్పుడు మీ భుజం మీద దొరికేవి ఆ వెచ్చదనం, ఆ ఊపే. పిల్లల ఏడుపు పుట్టిన రెండో వారం నుంచి పెరుగుతూ వచ్చి, ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకల్లా తగ్గుముఖం పడుతుంది. మీరు ఆ కష్టకాలపు చివరి భాగంలో ఉన్నారు. ఎత్తుకుంటే ఏడుపు పెరుగుతుందన్న భయం కూడా వద్దు. కెనడాలోని మాంట్రియల్ డాక్టర్లు 1986లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ మామూలు కంటే ఎక్కువసేపు ఎత్తుకున్న ఆరోగ్యవంతులైన పిల్లలు ఆరు వారాల వయసుకు మిగతా పిల్లల కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు.

పాపను దించేటప్పుడు ఒకసారి గమనించి చూడండి. తల కాస్త వెనక్కి వాలగానే రెండు చేతులూ ఒక్కసారిగా బార్లా చాపి, వేళ్ళు విప్పి, మళ్ళీ గుండెల మీదికి తెచ్చుకుంటుంది. ఆ వెంటనే ఏడుపు అందుకుంటుంది. పడిపోతున్నట్టు అనిపించి ఒళ్ళు ఉలిక్కిపడటమది. డాక్టర్లు మోరో రిఫ్లెక్స్ అంటారు. నాలుగైదు నెలలు వచ్చేసరికి దానంతటదే పోతుంది. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో ఇంకో సంగతి బయటపెట్టారు. పిల్లల గుండె వేగం మారేది వీపు పక్కకు తగిలినప్పుడు కాదట, తల్లి ఒంటి నుంచి విడివడుతున్నప్పుడట. అందుకే వాళ్ళు చెప్పిన పద్ధతి ఇది: ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి, నిద్రపోయాక ఎత్తుకునే ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలి, ఆ తర్వాతే దించాలి.

చాలామంది తల్లులు తొందరపడేది ఇక్కడే. కళ్ళు మూతలు పడగానే 'హమ్మయ్య' అని దించేస్తారు. మీరు గడియారం చూసుకుంటూ కూర్చోండి. పాప చెయ్యి మెల్లగా పైకెత్తి వదిలితే బరువుగా వాలిపోవాలి, పిడికిలి వదులవ్వాలి. అప్పుడు పాప మీ గుండెకు ఆనుకుని ఉండగానే మీరు పక్క మీదికి పూర్తిగా వంగండి. ముందు పిర్రలు, తర్వాత వీపు, అన్నిటికన్నా చివర తల. తల కింది చేతిని వెంటనే లాగేయకండి. రెండో అరచేయి పాప గుండె మీద ఆనించి, ఊపిరి ఒక తీరుకు వచ్చేదాకా అలాగే ఉంచండి. పసిపిల్లలు అమ్మ వాసన గుర్తుపడతారు కాబట్టి, మీరు కట్టి విడిచిన నూలు చీరను పరుపు మీద పరిచి, అంచులు కిందికి బిగుతుగా దోపండి. దిండ్లు, బొంతలు, వదులు గుడ్డలు పాప దగ్గర ఉండకూడదు. పదిసార్లలో మొదట్లో మూడు నాలుగుసార్లు పడుకున్నా అది ముందడుగే.

చీర ఉయ్యాల పగటిపూట, మీ కళ్ళెదుట కాసేపు వాడుకోవచ్చు. గడ్డం ఛాతీకి ఆనకుండా, ముఖానికి గుడ్డ అడ్డం పడకుండా చూసుకోండి. రాత్రి నిద్రకు మాత్రం గట్టి, చదును పరుపే మంచిది. ఇంకొక్క జాగ్రత్త, పాపను గుండెల మీద వేసుకుని సోఫాలో మీరు నిద్రపోవద్దు. అది నిజంగా ప్రమాదం.

గ్రైప్ వాటర్, తేనె, వస అంటూ ఎవరేం చెప్పినా నోట్లో వేయకండి. ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు. జ్వరం 100.4 డిగ్రీలు చేరినా, తడిపే గుడ్డలు రోజుకు ఆరు కంటే తగ్గినా, ఎత్తుకున్నా ఊరుకోకుండా గంటల తరబడి ఏడ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మీ పాప ఎత్తుకుంటే ఊరుకుంటోంది కాబట్టి ఇప్పటికి పెద్ద దిగులు పడాల్సిందేమీ కనిపించడం లేదు.

అత్తయ్య విషయంలో నేను ఆవిడది పూర్తిగా తప్పనను. నాలుగు రోజులు ఏడవనివ్వడం మాత్రం ఈ వయసులో వద్దు. అయితే ఆవిడ పిల్లలను కన్నప్పుడు ఇంట్లో ఎన్ని ఒళ్ళుండేవో ఒకసారి అడిగి చూడండి. అత్తలు, ఆడపడుచులు, పక్కింటి పెద్దావిడ. బిడ్డ ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి మారేది, తల్లికి ఆ కాసేపు కునుకు పడేది. ఇప్పుడు మీ ఇంట్లో రోజంతా ఒక్క ఒడే ఉంది. మరిగింది చేతులా కాదా అని వాదనకు దిగకుండా, 'అత్తయ్యా, పాపకు మీరే నీళ్ళు పోయండి, మీ చేతి మీద బాగా పడుకుంటుంది' అని అడగండి. కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం ఆవిడకు వచ్చినంత బాగా మనకు రాదు. స్నానం తర్వాతి నిద్ర ఆవిడ ఒళ్ళోనే కానివ్వండి.

మీవారు పొద్దున్నే ఇంటికొచ్చాక పడుకునే ముందు రెండు గంటలు పాపను తీసుకోవాలి. మీకు పాలిచ్చే పని తప్ప ఇంకేదీ ఉండకూడదు, మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. 'నేను ఎత్తుకుంటే ఏడుస్తోంది' అని ఆయన వెనక్కి ఇచ్చేస్తారు మొదట్లో. తీసుకోకండి. అలవాటు కావాల్సింది ఇద్దరికీ.

మీ మనసు గురించి కూడా ఒక ప్రశ్న అడగాలి. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టడం లేదా? ఊరికే ఏడుపు వస్తోందా? దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటిందా? అవునంటే అది మీ చేతకానితనం కాదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీకు గానీ పాపకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఒంటరిగా ఉండకండి, అత్తయ్యను నిద్ర లేపైనా సరే చెప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

వచ్చే వారం పదో వారం టీకాలకు వెళ్తారు కదా. పాప బరువు, చెవులు చూడమని అడగండి. ఆ రోజు మీవారిని కూడా తీసుకెళ్ళండి. మీ నిద్ర గురించి, ఆ రాత్రి గురించి డాక్టరుకు చెప్పేటప్పుడు ఆయన పక్కనే కూర్చుని వినాలి. వచ్చాక ఎలా ఉందో నాకు మళ్ళీ రాయండి.