యూకేలో ఫిల్మ్ అండ్ టీవీ డిగ్రీ: చదువుకుంటూ షూట్లు చేసుకోవచ్చా?

ఇంటర్ అయ్యాక బీటెక్ వద్దని ఇంట్లో పోట్లాడి మరీ ఇక్కడికొచ్చిన పిల్లలు దిగగానే అడిగే ప్రశ్న ఇది. కోర్సులో భాగంగా ఎన్నైనా తీసుకోండి. డబ్బు తీసుకుని సొంతంగా మాత్రం చేయకండి.

స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు ఉద్యోగం చేసుకోవచ్చు. ఉద్యోగం అంటే ఒక కంపెనీ జీతమిచ్చి పేస్లిప్ ఇచ్చేది. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్, అంటే సొంతంగా పని ఒప్పుకుని డబ్బు తీసుకోవడం, కుదరదు. చిక్కంతా అక్కడే, ఎందుకంటే ఈ రంగంలో కెమెరా, సౌండ్, ఎడిటింగ్ వాళ్లు చాలామంది ఫ్రీలాన్సర్లే.

మనవాళ్ల వల్ల ఇంకో తలనొప్పి ఉంది. ఉగాది వేడుకలో మీ మెడలో కెమెరా కనిపిస్తే చాలు, "బాబూ, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ తీసిపెడతావా, ఎంతో కొంత ఇస్తాంలే" అంటారు. ఆ ఎంతో కొంత నగదుగా ఇచ్చినా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంటే. యూట్యూబ్ యాడ్ డబ్బులదీ అదే కథ. పులిహోర తిని రండి, కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి.

మరి అనుభవం ఎలా అంటారా? రన్నర్ పని చూడండి. టీలు అందించడం, వాకీటాకీ బ్యాటరీలు చార్జింగ్ పెట్టడం, షాట్ జరుగుతుంటే దారిన పోయేవాళ్లను మర్యాదగా ఆపడం. రన్నర్లను చాలా ప్రొడక్షన్లు పేరోల్ మీదే, అంటే పేస్లిప్ ఇచ్చే ఉద్యోగులుగానే తీసుకుంటాయి. సెట్లో రోజుకు పది గంటలు మామూలే కాబట్టి 20 గంటల లెక్క రెండు రోజులకే అయిపోతుంది. వేసవి సెలవుల్లో ఆ పరిమితి ఉండదు, అప్పుడే ప్రయత్నించండి. డ్రైవింగ్ వస్తే మంచిది, చాలా ప్రకటనల్లో అడుగుతారు. మన లైసెన్స్ ఇక్కడ 12 నెలలే పనికొస్తుంది, ఆలోపు టెస్ట్ పాసవ్వాలి. ఏ పని ఒప్పుకునే ముందైనా యూనివర్సిటీ వీసా విభాగాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. సీనియర్ల వాట్సాప్ సలహా వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్ ముందు పనికిరాదు.

ఇంకా చేరనివాళ్లు కోర్సు పేరు చూసి మోసపోకండి. కొన్ని కోర్సుల్లో సినిమాల మీద వ్యాసాలు రాయడమే ఎక్కువ. ఏడాదికి 120 క్రెడిట్లలో ప్రొడక్షన్‌కి ఎన్నో కోర్సు మాడ్యూళ్ల (సబ్జెక్టుల) పేజీలో లెక్కపెట్టండి. ఊరు కూడా ముఖ్యమే. బ్రిస్టల్‌లో ప్రకృతి, జంతువుల మీద కార్యక్రమాలు తీసే బీబీసీ నేచురల్ హిస్టరీ యూనిట్ 1957 నుంచీ ఉంది. సాల్ఫర్డ్‌లో యూనివర్సిటీ క్యాంపస్, బీబీసీ రెండూ మీడియాసిటీ అనే మీడియా సంస్థల ప్రాంతంలోనే ఉన్నాయి. కోర్సులోనే మార్కులుండే ప్లేస్‌మెంట్ (చదువులో భాగంగా కంపెనీలో పనిచేయడం) ఉంటే ఇంకా మేలు, అది 20 గంటల్లోకి రాదు.

డిగ్రీ అయ్యాక ఇక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద ఫ్రీలాన్స్ చేసుకోవచ్చు. కానీ 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది రెండేళ్లు కాదు, 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ కావాలి, ఫ్రీలాన్సర్‌కి ఆ కంపెనీ ఉండదు. లోన్ తీసుకునే ముందే ఇంట్లో ఈ సంగతి చెప్పేయండి.