కోడ్ చూసి కాయిల్ కొనకు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కారు ఇంజిన్ లోపాల కోడ్లు చదివే స్కానర్ కొన్నావని, పెట్టగానే రెండో సిలిండర్ సరిగ్గా కాలట్లేదనే పి0302 కోడ్ చూపించిందని, దాన్ని చెరిపేశావని, ఇప్పుడు ఆ సిలిండర్ ప్లగ్గుకి నిప్పు రవ్వ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ కొత్తది ఆర్డర్ పెట్టమంటావా అని రాశావు. పెట్టకు. స్కానర్ కొన్నందుకు సంతోషమే. కోడ్ చెరిపినందుకు మాత్రం నాలుగు తిట్లు బాకీ ఉన్నాయి, కలిసినప్పుడు తీరుస్తాను.

చెరిపితే ఏం పోయిందో చెప్తాను విను. ఇంజిన్ కంప్యూటర్ కోడ్ రాసుకునేటప్పుడు, ఆ క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కూడా ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు దాన్ని. ఆర్‌పీఎం ఎంత, బండి ఎంత స్పీడులో ఉంది, కూలెంట్ ఎంత వేడెక్కింది, ఇంజిన్ మీద లోడ్ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా కాలకపోవడం, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కొట్టిందా, వేడెక్కాక ఎత్తు ఎక్కుతుంటే కొట్టిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఎత్తు మీద మాత్రమే కొడితే నా చూపు ముందు కాయిల్ మీదకీ, ప్లగ్గు మీదకీ పోతుంది. ఎందుకంటే లోడ్ పెరిగేకొద్దీ నిప్పు రవ్వ పుట్టడం కష్టమవుతుంది. నువ్వు క్లియర్ నొక్కగానే ఆ ఫోటో పోయింది. దాంతో పాటు కంప్యూటర్ తన భాగాలను తనే పరీక్షించుకున్న లెక్కలు కూడా సున్నాకి వచ్చాయి. రెడీనెస్ మానిటర్లంటే అవే. అవి మళ్ళీ పూర్తవ్వాలంటే బండిని చల్లగా స్టార్ట్ చేసి, రకరకాల స్పీడుల్లో కొన్ని రోజులు నడపాలి. పొగ పరీక్షలో ఈ మానిటర్లు చూసే చోట, కోడ్ ఒక్కటీ లేకపోయినా బండిని వెనక్కి పంపేస్తారు.

ఇకముందు ఏ కోడ్ వచ్చినా ముందు స్క్రీన్ ఫోటో తియ్యి. పెండింగ్ కోడ్లు అని వేరే పేజీ ఉంటుంది, అదీ చూడు. డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలిగేంత ముదరని అనుమానాలు అక్కడ కూర్చుంటాయి.

నీ చేతిలో ఉన్న పరికరం సంగతి కూడా ఒక మాట. దాని వెనక ఉన్న ఓబీడీ రెండు అనే పద్ధతి అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి. అంతకుముందు ఒక్కో కంపెనీకి ఒక్కో సాకెట్, ఒక్కో భాష. కొన్ని బండ్లలో వైరు ముక్కతో రెండు పిన్నులు కలిపి, లైటు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టుకుని కోడ్ తెలుసుకునేవాళ్ళం. ఇప్పుడు స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్, ఏ స్కానర్ పెట్టినా ఇంజిన్ కోడ్ వస్తుంది. అదృష్టవంతులురా మీరు. స్కానర్ అసలు వెలగకపోతే అది పాడైందని తిట్టుకోకు. చాలా బండ్లలో ఆ సాకెట్‌కీ, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే లైటర్ సాకెట్‌కీ ఫ్యూజు ఒకటే. ముందు అది చూడు.

కోడ్ చదవడం నీకు వచ్చేసినట్టే ఉంది. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్సుల గొడవ. బి బాడీ, సి బ్రేకులూ స్టీరింగూ, యు అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదని. తర్వాత సున్నా వస్తే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, ఒకటి వస్తే ఆ కంపెనీ సొంత కోడ్, దాని అర్థం ఆ బండి మాన్యువల్‌లోనే వెతకాలి. 0302లో మూడు అంటే ఇగ్నిషన్ (నిప్పు రవ్వ), మిస్‌ఫైర్ (మిస్సింగ్)ల వర్గం, చివరి రెండు సిలిండర్ నంబరు. అంటే కంప్యూటర్ నీకు చెప్పింది ఇంతే: రెండో సిలిండర్ తన వంతు వచ్చినప్పుడు క్రాంకును సరిగ్గా తొయ్యట్లేదు. కాయిలా, ప్లగ్గా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా, వాల్వు కాలిందా అన్నది దానికీ తెలియదు.

దానికి తెలియనిది నువ్వు పైసా ఖర్చు లేకుండా కనిపెట్టొచ్చు. రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తాళం తీసేసి, రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దాని మీద, మూడో దాన్ని రెండో దాని మీద పెట్టు. నీ బండిలో ప్రతి సిలిండర్‌కీ విడి కాయిల్ ఉంది కాబట్టే ఈ పని కుదురుతుంది. కనెక్టర్ లాక్ ప్లాస్టిక్ వేడికి ఎండి పెళుసుగా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తన్నకు, బొటనవేలితో నొక్కిపట్టి మెల్లగా వెనక్కి లాగు. కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ పైకి తీస్తే రబ్బరు చిరగకుండా వస్తుంది. ఆ రబ్బరు లోపల, ప్లగ్గు గుంటలో నూనె ఉందేమో చూడు. నూనె ఉంటే వాల్వ్ కవర్ రబ్బరు పోయిందన్నమాట, కొత్త కాయిల్ పెట్టినా కొన్నాళ్ళకు అదే కథ. తెల్లటి పింగాణీ మీద పెన్సిల్ గీతలాంటి నల్లచార ఉంటే కరెంటు పక్కదారి పట్టిందని గుర్తు.

అన్నీ బిగించి స్టార్ట్ చెయ్యి. ఈసారి పి0303 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచింది, నిరభ్యంతరంగా కాయిల్ కొను. మళ్ళీ పి0302యే వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులు అలాగే మార్చి చూడు. వేడి ఇంజిన్ మీద మాత్రం ప్లగ్గు విప్పకు, అల్యూమినియం హెడ్‌లో మరలు ఊడి వస్తాయి. ప్లగ్గు కూడా కాదంటే ఇంజెక్టరు, ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి. అక్కడి నుంచి వర్క్‌షాపు పని.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఒకప్పుడు కోడ్ పేరు చూసి సామాను కొన్నవాణ్ణే. నా సొంత బండికి పి0171 వచ్చింది. మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని దాని అర్థం. ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పేది పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్. ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆ సెన్సార్‌నే మార్చేశాను. రెండు రోజుల్లో లైటు మళ్ళీ వెలిగింది. పాపం ఆ సెన్సార్ నిజమే చెప్పింది, చెప్పినందుకే దాన్ని విప్పి పారేశాను.

అప్పుడు కూర్చుని లైవ్ డేటా తెరిచాను. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు వరుసలుంటాయి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్. లెక్క ప్రకారం పొయ్యాల్సిన పెట్రోలుకి కంప్యూటర్ ఎంత శాతం కలుపుతోందో, ఎంత తీసేస్తోందో అవి చెప్తాయి. అటూ ఇటూ పది లోపుంటే పట్టించుకోనక్కర్లేదు. నా బండికి స్లోలో, అంటే నిలిపి యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచితే, లాంగ్ టర్మ్ ప్లస్ 18 చూపించింది. రేస్ చేసి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే ట్రిమ్ ప్లస్ 4కి దిగింది. ఆ ఒక్క మార్పులోనే జవాబు ఉంది. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగగాలి, అంటే చిల్లులోంచి లెక్కకు రాకుండా దూరే గాలి, వాటా పెద్దది. రేస్ చేస్తే అసలు గాలి వరదలా వస్తుంది, దొంగగాలి అందులో కలిసిపోతుంది. కాబట్టి గాలిని అదుపు చేసే థ్రాటిల్ దాటాక ఎక్కడో చిల్లు ఉండాలి. అదే అంకె రేస్ చేసినకొద్దీ పెరిగి ఉంటే పెట్రోలు పంపో, ఫిల్టరో, గాలి కొలిచే సెన్సారో అనుకునేవాణ్ణి.

బానెట్ తెరిచి చెవి పెడితే ఇన్‌టేక్ వెనకవైపు సన్నగా ఈల వినిపించింది. చెయ్యి దూర్చి తడిమాను. ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వుకి వెళ్ళే రబ్బరు గొట్టం, వంపు తిరిగే చోట, కింది వైపు. పైనుంచి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది. కింద వేలి గోరు పట్టేంత చీలిక. వేలితో మూశాను, ఈల ఆగింది, ఇంజిన్ చప్పుడు మారింది. గొట్టం మార్చాక ట్రిమ్ ప్లస్ 2కి వచ్చి నిలబడింది. తీసేసిన ఆ పాత ఆక్సిజన్ సెన్సార్ ఇప్పటికీ నా డబ్బాలో ఉంది.

నువ్వూ బండి బాగున్న రోజున ఒకసారి లైవ్ డేటా చూసి అంకెలు రాసిపెట్టుకో. జబ్బు పడ్డప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున తాళం తిప్పి స్టార్ట్ చెయ్యకుండా చూస్తే కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి ఇంచుమించు ఒకటే చూపించాలి. ఏదైనా మైనస్ 40 చూపిస్తే నువ్వు ధ్రువప్రాంతంలో లేవు కదా, ఆ సెన్సార్ వైరు ఎక్కడో తెగింది, లేదా ఎవరో కనెక్టర్ పెట్టడం మర్చిపోయారు. ఇంజిన్ ఆఫ్‌లో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ తిరుగుతుంటే 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. వోల్టేజీ పడిపోయిన బండి నోటికొచ్చిన కోడ్లన్నీ చెప్తుంది, సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి వస్తే ముందు బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ వైరు చూడు. పి0420 వస్తే పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ పోయిందని కంగారుపడకు, ముందు సైలెన్సర్ గొట్టాల్లో లీకు వెతుకు.

కొన్ని పనులు మాత్రం చెయ్యకు. డ్రైవింగ్ చేస్తూ స్క్రీన్ చూడొద్దు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో, లేదా రికార్డింగ్ పెట్టి తర్వాత చూసుకో. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి అసలు పోవద్దు. నీ స్కానర్‌కి ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కోడ్లు కనపడకపోవచ్చు, కాబట్టి అది 'కోడ్లు లేవు' అంటే ఇంజిన్ వరకే అనుకో. పని అయ్యాక దాన్ని పీకెయ్, రోజుల తరబడి అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, చెక్ ఇంజిన్ లైటు స్థిరంగా వెలగడం వేరు, టపటపా మెరవడం వేరు. మెరుస్తుంటే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి కన్వర్టర్‌ని కాల్చేస్తోందని అర్థం. యాక్సిలరేటర్ వదిలి, పక్కకి తీసి ఆపెయ్. రేపు కాయిల్స్ మార్చాక కూడా రోడ్డెక్కొద్దు, ఆరుబయట స్లోలో పదినిమిషాలు ఉంచి చూడు.

కోడ్ వస్తే చెయ్యి క్లియర్ బటన్ మీదకి పోనివ్వకుండా, ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీ ఫోటో తీసి నాకు పంపు. కాయిల్స్ పీకినప్పుడు ఆ రెండు ప్లగ్గు గుంటల ఫోటో కూడా, టార్చి వేసి తియ్యి.

మీ మామయ్య