ఆఫ్‌లైన్‌కి వెళ్లేముందు ఫోన్ అమ్మేయొచ్చా?

ప్రశ్న: రోజంతా స్క్రీన్ ముందే గడిచిపోతోంది. ఆఫ్‌లైన్‌కి వెళ్లిపోదామనుకుంటున్నాను. స్మార్ట్‌ఫోన్, స్మార్ట్‌వాచ్, ల్యాప్‌టాప్, ఇంట్లో ఇంటర్నెట్, మూడు ఓటీటీలు ఉన్నాయి. ముందు స్మార్ట్‌ఫోన్ అమ్మేద్దామని ఉంది. ఏది వదిలితే డబ్బు మిగులుతుంది?

జవాబు: మీ నిర్ణయం మంచిదే. ఫోన్ మాత్రం ఇప్పుడే అమ్మకండి.

ముందు పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్రెడిట్ కార్డు బిల్లులు తీసి కూర్చోండి. దానంతటదే కట్ అయిన ప్రతి మొత్తం కింద పెన్నుతో గీత గీయండి. మూడు నెలలవి చూస్తే సరిపోదు, ఏడాదికోసారి రెన్యువల్ అయ్యేవి అందులో దొరకవు. మనం మర్చిపోయేవి కూడా అవే. గీత పడినవాటిలో నెల రోజులుగా ముట్టనివన్నీ ఈరోజే రద్దు చేయండి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. కంపెనీ వెబ్‌సైట్‌లో చేరారా, యాప్ స్టోర్ ద్వారా చేరారా చూసుకుని అక్కడే రద్దు చేయాలి. నెలనెలా మిగిలే డబ్బు ఇక్కడే ఉంది.

వాచ్, ల్యాప్‌టాప్‌ల మీద పెట్టిన డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. బీరువాలో పెడితే చిల్లిగవ్వ కూడా తిరిగి రాదు, పైగా పాతబడేకొద్దీ ధర పడిపోతుంది. వాచ్ అమ్మేయండి. ల్యాప్‌టాప్ ఉంచుకుని, బ్యాంకు పనులకు, పన్ను రిటర్నుకు వారంలో ఒక పూట కేటాయించండి. అందుకు ఇంటర్నెట్‌లో అతి చిన్న ప్లాన్ చాలు. మార్చేముందు ఒప్పందం గడువు చూసుకోండి, మధ్యలో తెంచితే ఛార్జీ పడొచ్చు.

ఇక ఫోన్. నాకు టెన్షన్ అంతా దీని గురించే. సిమ్ తీసి బటన్ ఫోన్‌లో వేస్తే ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీలు వస్తాయి. లాగిన్ కోడ్‌లను ఫోన్‌లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్‌లో పుట్టే కోడ్‌లు మాత్రం రావు. అందుకే ఒక్కో ఖాతాలోకి వెళ్లి బ్యాకప్ కోడ్‌లు (ఆ యాప్ లేకపోయినా లాగిన్ కావడానికి ముందే ఇచ్చే కోడ్‌లు) తీసి, కాగితం మీద రాసి, ఆస్తి పత్రాలతో పాటు దాచండి. రీఛార్జ్ మానేస్తే నంబర్ మూతపడి, కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. మీ బ్యాంకు మెసేజ్‌లు అప్పుడు వాళ్లకు చేరే ప్రమాదం ఉంది. మెయిల్‌ కూడా అప్పుడప్పుడు తెరవండి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తీసేసే విధానాన్ని గూగుల్ 2023లోనే ప్రకటించింది.

ఒక నెల బటన్ ఫోన్‌తో గడపండి. స్మార్ట్‌ఫోన్ స్విచాఫ్ చేసి డబ్బాలోనే ఉండనివ్వండి. బిల్లులు, బ్యాంకు, బీమా పనులన్నీ ఏ అడ్డూ లేకుండా జరిగితే, అప్పుడు ఖాతాలన్నీ తీసేసి, రీసెట్ చేసి అమ్మేయండి.