గేర్‌బాక్స్ దించే ముందు

చిరంజీవి చిన్నోడికి, మావయ్య ఆశీస్సులు.

రాత్రి నువ్వు ఫోన్ చేసి క్లచ్ పెడల్ కిందకి పోయి పైకి రావడం లేదన్నప్పుడు, బండిలో పిల్లలున్నారని నాకూ టెన్షన్ పట్టుకుంది. మెల్లగా పక్కకి తీసి ఆపావు, మంచి పని చేశావు. అక్కడి మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా క్లచ్ ప్లేట్లు పోయాయి, గేర్‌బాక్స్ దించాలి అన్నాడన్నావు. దానికి అప్పుడే ఒప్పుకోకు.

ప్లేట్ అరిగితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగదు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. పెడల్ మాత్రం పైకి వస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి పడిపోయిందంటే ముందు చూడాల్సింది నీ కాలికీ క్లచ్‌కీ మధ్య ఉన్న దారిని. మారుతీ 800 లాంటి పాత బండ్లలో ఆ దారి ఒక కేబుల్, తెగితే కొత్తది వేసుకోవడమే. నీ బండిలో ఆ పని బ్రేక్ ఆయిల్ చేస్తుంది: పెడల్ దగ్గరున్న పై సిలిండర్ ఆయిల్‌ని తోస్తే, గేర్‌బాక్స్ దగ్గరున్న కింది సిలిండర్ క్లచ్‌ని కదుపుతుంది.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడు. చాలా బండ్లలో బ్రేక్‌కీ క్లచ్‌కీ అదే డబ్బా. ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. బ్రేక్ గట్టిగా పడుతోందో లేదో చూసుకోకుండా బండి కదపకు. తరవాత పెడల్ దగ్గర మ్యాట్ తీసి, పెడల్ పైన తోసే కడ్డీ చుట్టూ వేలితో తడుము. తడిగా ఉంటే పై సిలిండర్ పోయింది. పొడిగా ఉంటే గేర్‌బాక్స్ పక్కనున్న కింది సిలిండర్ రబ్బరు తొడుగు, అదే బూటు, ఎత్తి చూడు. అక్కడ తడి ఉంటే దొంగ దొరికినట్టే. ఎక్కడా తడి లేక, నాలుగుసార్లు కొడితే పెడల్ కాస్త లేస్తోందంటే ఆయిల్ దారిలో ఎయిర్ పట్టి ఉండాలి, లేదా పై సిలిండర్‌లో రబ్బరు వాషర్ పోయి ఆయిల్‌ని లోపలే వెనక్కి వదిలేస్తూ ఉండాలి.

పని నేర్చుకునే రోజుల్లో ఆటోనగర్‌లో ఒక టాక్సీకి తొందరపడి గేర్‌బాక్స్ దించాను. ప్లేట్ నిక్షేపంలా ఉంది. తడిసింది కింది సిలిండర్. టాక్సీ ఆయనకి రెండు రోజుల కిరాయి పోయింది. ఆ బాధ నాకింకా ఉంది, అందుకే ఇంత చెబుతున్నాను.

కొన్ని బండ్లలో కింది సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. దాన్నుంచి కారితే దించక తప్పదు. అలా దించినప్పుడు ప్లేటూ, బేరింగూ కూడా చూపించుకో, మళ్ళీ కూలీ పడకుండా.

సిలిండర్ మార్చాక బ్లీడింగ్ దగ్గర, అంటే ఆయిల్‌లో చేరిన గాలి తీసేసే దగ్గర, తొందర వద్దు. కింది సిలిండర్ మీద గాలి వదిలే నిపుల్‌కి సన్నని పారదర్శక గొట్టం తగిలించి, దాని కొస సీసాలో పెట్టు. చెల్లెమ్మని పెడల్ నొక్కి పట్టుకోమను. నువ్వు పానాతో నిపుల్ పావు చుట్టు వదులు చెయ్యి, బుడగలు వస్తాయి. నిపుల్ బిగించాకే కాలు తీయమను, పెడల్ దానంతట అది లేవకపోతే చేత్తో లేపమను. బుడగలు ఆగేదాకా ఇదే వరస. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్ళీ మొదటికొస్తావు. మూత మీద ఆయిల్ రకం డాట్ 3, డాట్ 4 ఏది రాసి ఉంటే అదే, కొత్త సీల్ ఉన్న డబ్బాలోది పొయ్యి. ఇంజన్ ఆయిల్ పొరపాటున కూడా పొయ్యకు, రబ్బర్లు ఉబ్బి బ్రేకులూ పోతాయి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యి.

బూటు ఎత్తి చూశాక ఫోన్ చెయ్యి. తడి ఉందో లేదో చెప్పు, ఏ సామాను కొనాలో అప్పుడు చెబుతాను.

మీ మావయ్య