కొండ దారికి ముందు రెండు ముక్కలు

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వూ, నీ స్కూలు స్నేహితుడూ చెరో బండి మీద మారేడుమిల్లి అవతల గ్రాఫైట్ తవ్విన పాత గోతులు చూడ్డానికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. చలికాలం కాబట్టి అడ్డు చెప్పను. వానల్లో అయితే వద్దనేవాణ్ణి. అక్కడి ఖొండలైటు అనే రాయి బాగా చివికిపోయి, నానితే చేతిలోనే నలిగిపోతుంది.

రాజమండ్రి దాటాక ట్యాంకు గోకవరంలోనే నింపేయండి. కాలువ గట్ల మీద టాప్ గేరులో పోయే అలవాటు మనది, ఘాట్‌లో అది పనికిరాదు. ఏ వాలు ఏ గేరులో ఎక్కుతామో, ఆ గేరులోనే దిగాలి. బండిని ఇంజనే పట్టి ఉంచాలి. కాలిన వాసన వచ్చి, ఎంత తొక్కినా బ్రేకు పట్టడం లేదంటే ఆపి చల్లారనివ్వు, నీళ్ళు మాత్రం పొయ్యకు. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి.

మట్టిబాట మొదలయ్యాక నెమ్మదిగా నడిపేవాడు ముందుండాలి. అంత పాత స్నేహంలో "నా వల్ల కావట్లేదురా" అనడం ఇద్దరికీ నామోషీ. అందుకని ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకోండి: ఎవరు వెనక్కి వెళ్దామన్నా రెండోవాడు ఎందుకని అడగకూడదు.

ఇక గోతుల సంగతి. గ్రాఫైట్ ఉన్నచోట నేల నల్లగా మెరుస్తుంది. ముట్టుకుంటే వేలికి పెన్సిల్ రంగు అంటుతుంది. అది బూటు అడుగున పట్టిందంటే రాయి మీద కాలు నిలవదు. అంచుకి బాగా ఇవతలే ఆగండి, కింద తొలిచేసి ఉంటే పైకి కనబడదు. నీళ్ళు నిండిన గొయ్యి కనిపిస్తే, కాలవలో ఈదినవాళ్ళమే కదా అని దూకేరు! కాలవకి వాలు గట్టుంది, రేవుంది. అక్కడ నిలువు గోడలు, పట్టుకుందామంటే గడ్డిపరక ఉండదు.

సొరంగం కనబడితే బయటి నుంచే చూడండి. పాడు నూతిలో పడిపోయినవాణ్ణి తీయబోయి దిగినవాడూ పోవడం మన ఊళ్ళల్లో విన్నదే. ఆక్సిజన్ లేని గాలికి వాసన ఉండదు. అగ్గిపుల్ల గీసి చూస్తే తెలుస్తుందనే మాట నమ్మకు.

దగ్గర్లోని కొండరెడ్ల ఊళ్ళో అడిగి, దారి తెలిసినవాళ్ళు వస్తానంటే తోడు తీసుకెళ్ళండి. కూలి దగ్గర బేరాలాడకండి. లోపల ఫోను పనిచెయ్యదనే అనుకోండి; ఎన్నింటికి తిరిగొస్తారో మారేడుమిల్లిలో దిగినచోట చెప్పి వెళ్ళండి. బొంగులో చికెన్ ఘాట్ దిగొచ్చాకే. నిండు పొట్టతో ఆ మలుపులు తిరిగితే డబ్బులు దండగ.

శనివారం ఓసారి బండి పట్టుకురా. మొన్న నీ వెనక కూర్చుని సంతకెళ్ళొచ్చిన మీ అత్తయ్య, వెనక బ్రేకు లూజుగా ఉందంటోంది.

మీ మావయ్య